జేమ్స్ మిల్ అర్థశాస్త్ర పాఠ్యపుస్తకం (1821): తరచుగా అడిగే ప్రశ్నలు

డిగ్రీలో, పోటీ పరీక్షల్లో సంప్రదాయ అర్థశాస్త్రం అనగానే ఆడమ్ స్మిత్, రికార్డో, మాల్థస్ పేర్లు వల్లె వేస్తాం. వాళ్ల ఆలోచనలను ఒక వరుసలో పేర్చి, కొత్తగా చదివేవాళ్ల చేతికిచ్చిన చిన్న పుస్తకం ఒకటుంది. దాని గురించి విద్యార్థులూ మిత్రులూ నన్ను మళ్లీ మళ్లీ అడిగినవన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను.

ఏ పుస్తకం ఇది?

‘ఎలిమెంట్స్ ఆఫ్ పొలిటికల్ ఎకానమీ’. జేమ్స్ మిల్ రాశాడు. 1821లో లండన్‌లో తొలి కూర్పు వచ్చింది. 1824లో రెండోది, 1826లో మూడోది వచ్చాయి. ఇది బడి పుస్తకమని ముందుమాటలో ఆయనే చెప్పుకున్నాడు. శాస్త్రానికి అవసరమైన సూత్రాలను మిగతా విషయాల నుంచి విడదీసి, ఒకదాని తర్వాత ఒకటి తర్కానికి తగిన వరుసలో పెట్టి, ప్రతిదానికీ రుజువు చూపడం తన పని అన్నాడు. కొత్తగా ఏదీ కనిపెట్టలేదని కూడా అక్కడే ఒప్పుకున్నాడు.

జేమ్స్ మిల్ ఎవరు? జాన్ స్టువర్ట్ మిల్ వేరా?

వేరు. జేమ్స్ తండ్రి, జాన్ స్టువర్ట్ కొడుకు. జేమ్స్ 1773లో స్కాట్లండ్‌లో, చెప్పులు కుట్టే వృత్తిలో ఉన్న కుటుంబంలో పుట్టాడు. ఎడిన్‌బరోలో మతశాస్త్రం చదివి, బోధకుడిగా అనుమతి కూడా పొందాడు. 1802లో లండన్ చేరి పత్రికలకు రాస్తూ బతికాడు. తత్వవేత్త బెంథామ్‌కు శిష్యుడు, రికార్డోకు ఆప్తమిత్రుడు. 1819లో ఈస్టిండియా కంపెనీ లండన్ కార్యాలయంలో ఉద్యోగంలో చేరి, 1830లో తాను పనిచేసే శాఖకే అధిపతి అయ్యాడు. 1836లో చనిపోయాడు. ఇండియా చరిత్ర మీద పెద్ద గ్రంథం రాసిన మనిషే, కానీ ఇండియాలో ఏనాడూ అడుగుపెట్టలేదు. ఈ ఉద్యోగం సంగతి గుర్తుంచుకోండి, కింద దీనితో పని పడుతుంది.

కొడుక్కి చెప్పిన పాఠాలే ఈ పుస్తకమయ్యాయట, నిజమేనా?

నిజమే. చెప్పినది కొడుకే, తన ఆత్మకథలో. నాకు ఈ పుస్తకం మీద ఇష్టం పుట్టింది కూడా అక్కడే.

1819లో జాన్‌కు పదమూడేళ్లు. తండ్రి అతన్ని రోజూ నడకకు తీసుకెళ్లేవాడు. నడుస్తూ అర్థశాస్త్రంలో ఒక భాగం నోటితో వివరించేవాడు. మర్నాటికి ఆ పాఠాన్ని కుర్రాడు కాగితం మీద రాసుకొచ్చి చూపించాలి. స్పష్టంగా, కచ్చితంగా, చాలినంత పూర్తిగా లేకపోతే మళ్లీ రాయాలి. అదీ కుదరకపోతే ఇంకోసారి. మన వీధిబడుల్లో పాఠం ఒప్పజెప్పించేవారు చూడండి, దాదాపు అదే పద్ధతి. తేడా ఒక్కటే: ఇక్కడ గుర్తున్నది అప్పజెప్తే చాలదు, అర్థమైనది సొంత మాటల్లో రాసి నిలబెట్టాలి. అలా పోగైన ఆ కుర్రాడి కాగితాలే తండ్రి పుస్తకం రాసేటప్పుడు ఎదురుగా పెట్టుకున్నాడు.

అక్కడితో అయిపోలేదు. జాన్ ఏడాదికి పైగా ఫ్రాన్స్‌లో ఉండి 1821లో తిరిగొచ్చేసరికి పుస్తకం అచ్చుకు సిద్ధమవుతోంది. ప్రతి పేరా పక్కనా అందులోని సారాన్ని ఒక చిన్న వాక్యంలో రాసే పని తండ్రి అతనికి అప్పగించాడు. తన రాతప్రతుల మీద బెంథామ్ పాటించిన అలవాటే అది. పేరాకో వాక్యం రాస్తే వరుస ఎక్కడ తెగిందో తెలిసిపోతుంది. నేను విద్యార్థులకు ఇప్పటికీ ఈ కసరత్తే ఇస్తాను. ఏ పాఠ్యపుస్తకానికైనా పనికొస్తుంది.

రికార్డో గ్రంథం 1817లోనే వచ్చింది కదా, మళ్లీ ఇదెందుకు?

రికార్డో మామూలు చదువరికి కొరుకుడు పడడు. స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో సంపాదించిన మనిషి, రాయడంలో తనకు నేర్పు లేదనుకునేవాడు. ఆ గ్రంథం రాయమని వెంటపడి రాయించినవాడే జేమ్స్ మిల్. రాయించాక చూస్తే, కొత్తవాళ్లకు నేర్పడానికి పనికొచ్చేలా ఆ ఆలోచనలను చెప్పిన పుస్తకం లేదు. ఆ ఖాళీలోంచే కొడుక్కి నోటి పాఠాలు మొదలయ్యాయి. ఆ పాఠాల తర్వాతే కుర్రాడి చేత రికార్డోను, ఆ వెనక ఆడమ్ స్మిత్‌ను చదివించాడు. స్మిత్ వాదనలో ఎక్కడ పొరపాటుందో రికార్డో వెలుగులో పట్టుకోమనేవాడు.

అర్థశాస్త్రానికి మొట్టమొదటి పరిచయ పుస్తకం ఇదేనా?

కాదు. ఐదేళ్ల ముందే, 1816లో, జేన్ మార్సెట్ సంభాషణల రూపంలో ఒక పుస్తకం రాసింది. మిసెస్ బి అనే ఉపాధ్యాయిని, కరోలిన్ అనే అమ్మాయి మాట్లాడుకుంటూ ఉంటే విషయం తెలుస్తూ ఉంటుంది. ఫ్రాన్స్‌లో జాన్ బాప్టిస్ట్ సే గ్రంథం 1803లోనే వచ్చింది. ఇంగ్లండ్‌లో అర్థశాస్త్రం ఇళ్లలోకి వెళ్లింది ఎక్కువగా మార్సెట్ వల్లనే, ఆ గౌరవం ఆమెకు దక్కాలి. రికార్డో పద్ధతిలో శాస్త్రం మొత్తాన్ని మొదటినుంచి చివరిదాకా ఒక వరుసలో పెట్టిన తొలి పాఠ్యపుస్తకం మాత్రం మిల్‌దే.

లోపల ఏముంది?

నాలుగే అధ్యాయాలు: ఉత్పత్తి, పంపిణీ, మారకం, వినియోగం. సే తన గ్రంథంలో ఉత్పత్తి, పంపిణీ, వినియోగం అని మూడుగా విడదీస్తే, మిల్ మారకాన్ని విడిగా తీసి నాలుగు చేశాడు. మనం ఇంటర్‌లో చదివిన పుస్తకాల అధ్యాయ విభజన గుర్తు తెచ్చుకోండి, ఆ మూస ఎంత పాతదో తెలుస్తుంది.

కుటుంబానికి ఇంటి పొదుపు ఎలాగో రాజ్యానికి అర్థశాస్త్రం అలాగన్న పోలికతో మొదలుపెడతాడు. ఉత్పత్తి అధ్యాయంలో నాకు బాగా నచ్చిన మాట ఒకటుంది. మనిషి శ్రమ చేయగలిగింది వస్తువులను కదపడమే అంటాడు. విత్తనాన్ని నేల దగ్గరకు చేరుస్తాం, నిప్పును కట్టె దగ్గరకు చేరుస్తాం. మొలవడం, మండడం ప్రకృతి పని. ఇరవై ఏడేళ్ల తర్వాత తన గ్రంథంలో కొడుకు ఈ మాటను తండ్రి పేరుతోనే తీసుకున్నాడు.

భాటక సిద్ధాంతం అర్థం కావడం లేదు. సులువుగా చెప్పగలరా?

ఈ పుస్తకానికి గుండెకాయ ఇదే, కాబట్టి నిదానంగా చూద్దాం. ముందు ఒక మాట. మన వాడుకలో కౌలు అంటే రైతు భూస్వామికి ఇచ్చేదంతా. అందులో బావికి, గట్టుకు, షెడ్డుకు పెట్టిన డబ్బు మీద రాబడి కూడా కలిసి ఉంటుంది. పాఠ్యపుస్తకాల్లో భాటకం అన్నప్పుడు, నేల సహజ గుణానికి మాత్రమే వచ్చే మిగులు అని అర్థం.

మూడు పొలాలు అనుకోండి. మూడింటి మీదా ఒకే ఖర్చు పెడతాం. మొదటిది 20 బస్తాలు, రెండోది 15, మూడోది 10 ఇస్తాయి. ఊళ్లో జనం తక్కువగా ఉన్నప్పుడు మొదటి రకం నేలే సరిపోతుంది, అది కావాల్సినంత దొరుకుతుంది, దానికి ఎవరూ ఏమీ ఇవ్వరు. జనం పెరిగారు, గింజల ధర పెరిగింది, రెండో రకం నేల కూడా దున్నాల్సి వచ్చింది. ఇప్పుడు కొత్తగా వచ్చిన రైతుకు రెండో నేలలో ఊరికే 15 బస్తాలు పండించడమైనా ఒకటే, మొదటి నేల యజమానికి 5 బస్తాలిచ్చి అక్కడ 20 పండించడమైనా ఒకటే. ఆ 5 బస్తాలే భాటకం. మూడో నేల దాకా వెళితే మొదటి నేల భాటకం 10, రెండోదానిది 5, మూడోదానికి ఏమీ ఉండదు.

ధరను నిర్ణయించేది ఆఖరి నేల మీద అయ్యే ఖర్చు. అందుకే రికార్డో, భాటకం కడుతున్నందువల్ల గింజల ధర పెరగలేదు, ధర పెరిగినందువల్లే భాటకం కడుతున్నారు అన్నాడు. చాలామంది విద్యార్థులు ఈ కార్యకారణాలను తలకిందులు చేసి మార్కులు పోగొట్టుకుంటారు.

కొత్త నేల లేకపోయినా ఇదే జరుగుతుంది. ఉన్న పొలం మీదే రెండో విడత, మూడో విడత పెట్టుబడి పెడితే ఒక్కో విడతకు వచ్చే అదనపు పంట తగ్గుతూ పోతుంది. ఈ విడతకు మిల్ వాడిన ఇంగ్లిష్ మాట ‘డోస్’. మందు మోతాదుకు వాడే మాటే. తర్వాతి తరం ఆర్థికవేత్త ఆల్ఫ్రెడ్ మార్షల్ ఆ మాటను మిల్ దగ్గర్నుంచి తీసుకుని స్థిరం చేశాడు.

కూలి గురించి ఏమంటాడు?

జనాభాకూ పెట్టుబడికీ ఉన్న నిష్పత్తిని బట్టి కూలి ఉంటుందంటాడు. పెట్టుబడి కన్నా జనాభా వేగంగా పెరిగితే కూలి పడిపోతుంది. జనాభా సహజంగానే అలా పెరుగుతుందని, కాబట్టి సంతానాన్ని అదుపులో పెట్టుకోవడమే మార్గమని వాదిస్తాడు. దీన్నే తర్వాత వేతన నిధి సిద్ధాంతం అన్నారు. పుస్తకంలో బాగా పాతబడిన భాగం ఇదే. సాగులో, పరిశ్రమలో ఒక మనిషి చేయగల పని ఎంతగా పెరగగలదో ఆయన లెక్కలో లేదు. జాన్ స్టువర్ట్ మిల్ 1869లో ఈ సిద్ధాంతాన్ని బహిరంగంగా వదులుకున్నాడు.

‘ఎంత ఉత్పత్తి అయితే అంత గిరాకీ’ అన్నది ఈ పుస్తకంలోదేనా?

ఈ వాదాన్ని మిల్ 1808లోనే, వాణిజ్యాన్ని సమర్థిస్తూ రాసిన చిన్న పుస్తకంలో చేశాడు. ఇక్కడ వినియోగ అధ్యాయంలో దాన్ని పాఠంగా మలిచాడు. తనకు కావాల్సిన దానికి మించి ఎవరైనా ఎందుకు పండిస్తారు? వేరే వస్తువేదో కావాలి కాబట్టి. అతను సంతకు తెచ్చిన సరుకే అతని గిరాకీకి సాధనం. అందరి సరుకూ కలిపితే అందరి గిరాకీ అంతే అవుతుంది. ఒక సరుకు ఎక్కువై ఇంకోటి తక్కువ కావచ్చు కానీ, అన్నీ ఒకేసారి అమ్ముడుపోకుండా మిగిలిపోవడం ఉండదంటాడు. సే పేరుతో మనం చదివే మార్కెట్ సూత్రం ఇదే.

మాల్థస్ ఒప్పుకోలేదు. 1820లో వచ్చిన తన గ్రంథంలో సాధారణ మిగులు, అంటే అన్ని సరుకులూ ఒకేసారి మిగిలిపోవడం, సాధ్యమేనని రాశాడు. అమ్మిన డబ్బు వెంటనే మరో కొనుగోలుకు వెళ్లకుండా చేతిలో ఆగిపోతే ఏమిటన్న ప్రశ్నకు మిల్ దగ్గర సరైన జవాబు లేదు. 1936లో ఆర్థికవేత్త కీన్స్ దెబ్బ కొట్టింది సరిగ్గా ఇక్కడే.

విదేశీ వాణిజ్యం మీద ఇంగ్లండ్, పోలండ్ ఉదాహరణ ఉందట. ఏమిటది?

రికార్డో ఇంగ్లండ్, పోర్చుగల్ దేశాల బట్ట, వైన్ తీసుకున్నాడు. మిల్ బట్ట, గింజలు తీసుకున్నాడు. పోలండ్‌లో కొంత బట్టకు 100 రోజుల శ్రమ, కొన్ని గింజలకూ 100 రోజుల శ్రమ. అదే బట్టకు ఇంగ్లండ్‌లో 150 రోజులు, అవే గింజలకు 200 రోజులు. రెండింటిలోనూ పోలండే మెరుగు. అయినా వ్యాపారం ఇద్దరికీ లాభమే. ఇంగ్లండ్ 150 రోజుల్లో బట్ట నేసి, దాన్నిచ్చి గింజలు తెచ్చుకుంటే, ఇంట్లో పండించడానికి పట్టే 200 రోజుల్లో 50 మిగులుతాయి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. బట్టకు గింజలు సరికి సరి మారితే ఇంగ్లండ్‌కే లాభమంతా, పోలండ్‌కు 100 రోజుల బట్ట 100 రోజుల గింజలకే వచ్చింది. ఇంగ్లండ్‌లో ఉన్న నిష్పత్తి ప్రకారం ఒక వంతు గింజలకు ఒకటీ మూడోవంతు బట్ట వస్తే, పోలండ్‌కు ఒక బట్ట 75 రోజులకే పడుతుంది. అప్పుడు ఇంగ్లండ్‌కు మిగిలేది శూన్యం. అసలు ధర ఈ రెండు హద్దుల మధ్య ఎక్కడో ఉండాలి. మిల్ తొలి కూర్పుల్లో మాత్రం ఈ మొత్తం లాభం ఇంగ్లండ్‌కూ పోలండ్‌కూ ఒకేసారి మిగులుతుందన్నట్టు రాశాడు. ఒకే మిగులును రెండుసార్లు లెక్కేసిన పొరపాటు.

దీన్ని విప్పినవాడు కొడుకే. 1825 ప్రాంతంలో లండన్ థ్రెడ్‌నీడిల్ వీధిలో, బ్యాంకరు, చరిత్రకారుడు జార్జ్ గ్రోట్ ఇంట్లో కొడుకూ, మరికొందరు యువకులూ వారానికి రెండుసార్లు పొద్దున్నే, ఉద్యోగాలకు వెళ్లేముందు కలిసి చదువుకునేవారు. వాళ్లు మొదట చేతబట్టింది ఈ పుస్తకమే. ఒకరు పైకి చదవడం, ఎక్కడ ఎవరికి సందేహం వస్తే అక్కడ ఆగడం, తేలేదాకా కదలకపోవడం. ఆ చర్చల్లోంచే, లాభం ఎలా పంచుకుంటారన్నది రెండు దేశాల పరస్పర గిరాకీని బట్టి ఉంటుందన్న సిద్ధాంతం రూపుకట్టింది. తండ్రి నేర్పిన పద్ధతితోనే తండ్రి పుస్తకంలో తప్పు దొరికింది. పాఠ్యపుస్తకం చేయగలిగిన మేలు ఇంతకన్నా ఏముంటుంది?

మన తెలుగు నేలకు ఈ పుస్తకంతో ఏమైనా సంబంధం ఉందా?

ఉంది. శిస్తు ద్వారా.

మిల్ కంపెనీ కార్యాలయంలో చూసింది ముఖ్యంగా రెవెన్యూ ఉత్తరాలు. ఆయన పుస్తకం చివరి అధ్యాయంలో పన్నుల గురించి ఉంటుంది. భాటకం మీద పన్ను వేస్తే అది భూయజమాని దగ్గరే ఆగుతుందని, గింజల ధర పెరగదని, సాగు దెబ్బతినదని అక్కడ వాదిస్తాడు. భూమి ఇంకా వ్యక్తుల సొంతం కాని దేశంలో రాజ్యం ఖర్చులకు భాటకం కన్నా తగిన రాబడి లేదంటాడు. ఇండియా అలాంటి దేశమని ఆయన నమ్మకం. 1831లో పార్లమెంటు కమిటీ ముందు కూడా ఇదే చెప్పాడు: ఇక్కడి శిస్తు పన్ను కాదు, ఎన్నడూ వ్యక్తులకు చెందని భాటకం. అందుకే భాటకాన్ని జమీందార్లకు వదిలేసిన బెంగాల్ శాశ్వత పరిష్కారమంటే ఆయనకు గిట్టేది కాదు.

కాగితం మీద ఎంతో అందంగా ఉన్న ఈ వాదాన్ని నేల మీద పెట్టి చూసినవాడు ఆర్.కె. ప్రింగిల్. కంపెనీ ఉద్యోగులను తయారుచేసిన హెయిలీబరీ కళాశాలలో మాల్థస్ దగ్గర చదివాడు. 1820ల చివర్లో పుణె ప్రాంతంలో ఒక్కో రకం నేలకు పంట ఎంత, ఖర్చు ఎంత అని లెక్క కట్టించి, ఖర్చులు పోగా మిగిలే నికర ఉత్పత్తిలో 55 శాతం శిస్తుగా నిర్ణయించాడు. సర్వే కుప్పకూలింది. ఎద్దులకు, విత్తనానికి, ఇంటిల్లిపాది చాకిరీకి ఎంతయిందో ఏ రైతు దగ్గరా ఖాతా లేదు. ఉద్యోగులు రాసుకొచ్చిన అంకెలు నమ్మదగినవి కావు. రేట్లు మోయలేక రైతులు పొలాలు వదిలేశారు. 1830ల మధ్యలో వచ్చిన వింగేట్, గోల్డ్‌స్మిడ్ సర్వే ఆ లెక్కలను పక్కనపెట్టి, ఊరు కట్టగలిగేది చూసి రేట్లు వేసింది.

నాకు ఈ ఉదంతం చదివినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది. నేను పైన మూడు పొలాలు, 20, 15, 10 బస్తాలు అని తేలిగ్గా రాసేశాను. తరగతి గదిలో ఆ అంకెలు ఊహలు. అవే అంకెలు శిస్తు లెక్కల జమాబందీ పుస్తకంలోకి ఎక్కితే ఒక ఇంటి గింజలు.

అంటే రైతే నేరుగా సర్కారుకు శిస్తు కట్టే రైతువారీ పద్ధతి ఈ పుస్తకం వల్ల వచ్చిందా?

లేదు. ఇది చాలామంది కలగాపులగం చేసే విషయం. 1800లో నిజాం నుంచి కంపెనీకి వచ్చిన దత్తమండలాల్లో, అంటే ఇప్పటి రాయలసీమ, బళ్లారి ప్రాంతాల్లో, థామస్ మన్రో 1807 దాకా కలెక్టరుగా ఉండి రైతువారీ నడిపాడు. అప్పటికి రికార్డో భాటకం మీద ఏమీ రాయలేదు. మన్రో వాదన సిద్ధాంతంలోంచి పుట్టినది కాదు, ఊళ్లు తిరిగి పుట్టినది. వెళ్లిపోయే ముందు, తాను వేయించిన రేట్లే ఎక్కువగా ఉన్నాయని, మెట్టకూ మాగాణికీ 25 శాతం తగ్గించాలని సిఫారసు చేశాడు.

మిల్ ఆలోచన మద్రాసు రాష్ట్రానికి తర్వాత చేరింది. 1864లో నికర ఉత్పత్తిలో సగం శిస్తు అన్న సూత్రాన్ని లండన్ నుంచి ఖరారు చేశారు. కోస్తాలో, రాయలసీమలో రైతువారీ జిల్లాల సెటిల్మెంట్లు దాని మీదే నడిచాయి. నేలను తరాలుగా, అంటే నాణ్యతను బట్టి తరగతులుగా, విభజించడం, తరానికింత దిగుబడి అని కట్టడం, సాగు ఖర్చు తీసేయడం, మిగిలినదాంట్లో సగం. మీ ఇంట్లో పాత పట్టా ఉంటే తరం అన్న గడి ఉందేమో చూడండి. మొదటి నేల, రెండో నేల, మూడో నేల అన్న పాఠానికి అది దగ్గరి చుట్టం.

మార్క్స్ కూడా దీన్ని చదివాడా?

చదివాడు. 1844లో పారిస్‌లో, పారిసో చేసిన ఫ్రెంచి అనువాదంలో. డబ్బు గురించి, మనిషికీ మనిషికీ మధ్య వస్తువు అడ్డం రావడం గురించి దాని మీద రాసుకున్న నోట్సు ఇప్పుడు పుస్తకం కన్నా ఎక్కువమంది చదువుతున్నారు. రికార్డో సిద్ధాంతాన్ని ఒక క్రమంలో పెట్టిన మొదటివాడు మిల్ అని మార్క్స్ తర్వాత రాశాడు.

విలువ సిద్ధాంతంలో వైన్ గొడవ ఏమిటి?

వస్తువు విలువ దానికి పట్టిన శ్రమను బట్టి ఉంటుందంటే, నేలమాళిగలో ఊరికే పడి ఉన్న వైన్ ఏళ్లు గడిచేకొద్దీ ఎందుకు ప్రియమవుతుంది? పెట్టుబడి అంటే పోగుపడ్డ శ్రమే కదా, ఆ శ్రమే పనిచేస్తోందని మిల్ సర్దిచెప్పబోయాడు. కుదరలేదు. కాలానికి ధర ఉందని ఒప్పుకోకుండా ఈ ముడి విడదు.

ఇప్పుడు చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతుంది. మూడో కూర్పు తీసుకోండి. ముందుమాట తప్పకుండా చదవండి: శ్రద్ధ పెట్టి చదివితే చాలు, మామూలు తెలివి ఉన్న ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా ఇదంతా అర్థమవుతుందని 1821లో రాసిన మనిషి అక్కడ కనిపిస్తాడు. తర్వాత రెండో అధ్యాయంలో భాటకం, మూడో అధ్యాయంలో దేశాల మధ్య మారకం, నాలుగో అధ్యాయంలో భాటకం మీద పన్ను. కూలి భాగాన్ని రెండోసారి చదివేటప్పుడు చూడొచ్చు. పక్కన ఒక నోటుబుక్కు పెట్టుకుని, పేరాకో వాక్యం తెలుగులో రాసుకుంటూ వెళ్లండి. రాయలేకపోయిన పేరా దగ్గర ఆగి, మళ్లీ చదవండి.